అద్దెకివ్వడానికి ఫ్లాటు కొంటున్నారా? బయానా ఇచ్చే ముందు వేసుకోవలసిన లెక్క

ఫ్లాటు చూడటానికి వెళ్లే ముందు ఒక పని చేయండి. అదే వీధిలో టులెట్ బోర్డు వేలాడుతున్న నాలుగైదు అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర ఆగి, రెండు పడక గదుల ఇంటికి అద్దె ఎంత చెబుతున్నారో కనుక్కోండి. వాచ్‌మన్‌ను అడగండి, బోర్డు మీదున్న నంబరుకు ఫోను చేయండి. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేయండి: "ఈ ఇల్లు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉంది?" మొదటి ప్రశ్నకు అందరూ టకటకా జవాబు చెబుతారు. మీకు కావలసిన సంగతి రెండో ప్రశ్నకు వచ్చే జవాబులో ఉంటుంది. 22 వేలు చెబుతున్న ఇల్లు మూడు నెలలుగా తాళం వేసి ఉందంటే, ఆ వీధిలో అద్దె 22 వేలు కాదు.

అద్దె కోసం కొనే ఇంటికి విలువ కట్టేది అమ్మేవారు కాదు, మధ్యవర్తి కాదు, అందులో కాపురం పెట్టబోయే మనిషి. ఆ మనిషి నెలనెలా ఎంత ఇవ్వగలడు, అందులో మీ చేతికి ఎంత మిగులుతుంది అనే దగ్గర మొదలుపెట్టి ధర వైపు నడవాలి. మనలో చాలామంది ధర దగ్గర మొదలుపెట్టి, కొనేశాక అద్దె గురించి ఆలోచిస్తాం. నేను హైదరాబాద్‌లో ఫ్లాట్లు చూస్తూ, కొంటూ, అద్దెకిస్తూ నేర్చుకున్నది ఇక్కడ వరసగా చెబుతాను. విజయవాడలోనో విశాఖలోనో కొనేవారికి అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

అక్కడ అద్దెకు దిగేది ఎవరు?

ఆ ఇంట్లో ఎవరుంటారో ఊహించుకోండి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే జంటా, బడికి వెళ్లే పిల్లలున్న కుటుంబమా, నలుగురు కలిసి ఉండే కుర్రవాళ్లా? వాళ్లు ఉదయం ఎక్కడికి వెళ్లాలి? ఆ దారిలో మీరు ఒకసారి ఉదయం తొమ్మిది గంటలకు స్వయంగా వెళ్లి రండి. ఆదివారం మధ్యాహ్నం మధ్యవర్తి కారులో పది నిమిషాల్లో తీసుకెళ్లిన దారికీ, సోమవారం ఉదయం అదే దారికీ పోలిక ఉండదు.

మెట్రో సంగతే తీసుకోండి. మియాపూర్‌లో ఫ్లాటు అమ్మేవారు మెట్రో పక్కనే అంటారు. నిజమే. కానీ ఆ రైలు ఎల్బీ నగర్ వైపు వెళ్తుంది. హైటెక్ సిటీలోనో రాయదుర్గంలోనో పని చేసేవారు అమీర్‌పేట దాకా వెళ్లి, రైలు మారి, మళ్లీ పడమటికి రావాలి. అందుకే ఆ వైపు ఉద్యోగులు చాలామంది బండి మీదో కంపెనీ బస్సులోనో పోతారు. అదే నగరానికి అవతలి కొసన ఉప్పల్, తార్నాకల నుంచి రాయదుర్గానికి రైలు మారకుండా వెళ్లవచ్చు. దూరం ఎక్కువైనా, కూర్చుంటే దిగేది ఆఫీసు దగ్గరే. అద్దెకు ఇల్లు వెతికేవారు ఇలాంటివి మనకంటే బాగా లెక్క వేసుకుంటారు.

అసోసియేషన్ నియమాలు కూడా ముందే కనుక్కోండి. "కుటుంబాలకు మాత్రమే" అనే తీర్మానం ఉన్న చోట పెళ్లికాని ఉద్యోగులకు ఇవ్వలేరు. ఐటీ కార్యాలయాలకు దగ్గరలో అలాంటి నియమం ఉంటే మీ ఇంటికి వచ్చేవారిలో సగం మంది గేటు దగ్గరే ఆగిపోతారు. ఆ నియమం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. మీ లెక్కలో మాత్రం అది ఖాళీ నెలలుగా కనబడుతుంది.

ఇక వాస్తు. తూర్పు ముఖం ఫ్లాటుకు కొనేవారి మధ్య పోటీ ఎక్కువ, ధరా ఎక్కువే. పడమర, దక్షిణ ముఖాల ఫ్లాట్లు అదే భవనంలో కొంత తక్కువకు దొరుకుతాయి. నేను గమనించినంతలో, అద్దెకు వచ్చేవారిలో ఆ పట్టింపు కొనేవారికి ఉన్నంత ఉండదు. గాలి, వెలుతురు బాగుంటే అద్దె దాదాపు సమానంగానే పలుకుతుంది. కాబట్టి అద్దె కోసమే అయితే పడమర ముఖాన్ని చూడగానే కొట్టిపారేయకండి. రేపు మీరు అమ్మేటప్పుడు అదే తగ్గింపు మీరూ ఇవ్వాల్సి వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

నీళ్ల సంగతి వేసవిలోనే తెలుస్తుంది

నేను మొదటి ఫ్లాటును ఆగస్టులో చూశాను. నగరం పడమటి శివారు, ఐదంతస్తుల భవనం. వంటగదిలో కుళాయి తిప్పితే నీళ్లు ధారగా వచ్చాయి. "రెండు బోర్లు, ఎప్పుడూ సమస్య లేదు" అన్నారు. సంతోషంగా కొన్నాను. ఏప్రిల్ రెండో వారంలో అద్దెకున్న అమ్మాయి ఫోను చేసింది. "అంకుల్, పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నీళ్లు వదులుతున్నారు, సాయంత్రం అసలే లేవు" అంది. వెళ్లి చూస్తే ఒక బోరు ఎండిపోయింది, ఇంకో బోరు మోటారు పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది. సంపు అడుగున మట్టి తేలింది. స్నానాల గదిలో ఆమె వరసగా ఏడు బకెట్లు నింపి పెట్టుకుంది, వాటి మీద పళ్లేలు మూత పెట్టి ఉన్నాయి. ట్యాంకర్లు తెప్పించడంతో నెల మెయింటెనెన్స్ దాదాపు రెట్టింపయింది. జూన్‌లో వాళ్లు ఖాళీ చేశారు. వాళ్లను తప్పుపట్టలేను. అడగాల్సింది అడగకుండా కొన్నది నేను.

అప్పటి నుంచి ఏ భవనానికి వెళ్లినా ముందు పడకగదులు చూడను, మోటారు గది చూస్తాను. మీరూ అలాగే చేయండి. జలమండలి కనెక్షన్ ఉందా, ఉంటే ఎన్ని రోజులకోసారి ఎంతసేపు నీళ్లు వస్తాయి, బోర్లు ఎన్ని, ఎంత లోతు, సంపు ఎన్ని లీటర్లు అని అడగండి. అన్నిటికంటే ముఖ్యం, అసోసియేషన్ కార్యదర్శిని కలిసి కిందటి ఏప్రిల్, మే నెలల జమాఖర్చుల పుస్తకం చూపించమనండి. ట్యాంకర్ల ఖర్చు అందులో నెలవారీగా రాసి ఉంటుంది. ఆ పుస్తకం అబద్ధం చెప్పదు. దానిలోనే మెయింటెనెన్స్ బకాయిలు, లిఫ్టు మరమ్మతులు, కొత్త మోటారు కోసం వసూలు చేసిన ప్రత్యేక చందాలు కూడా కనబడతాయి. పుస్తకమే లేని అసోసియేషన్ అయితే, ఆ భవనం ఎలా నడుస్తోందో అదే చెబుతోంది.

మిగతావి త్వరగా చూసేయవచ్చు. పై అంతస్తు అయితే స్లాబుకు చెమ్మ ఉందా, పైనున్న ఇంటి స్నానాల గది నుంచి గోడ ఉబ్బిందా, కారు పార్కింగ్ దస్తావేజులో రాసి ఉందా లేక మాటల్లోనే ఉందా. టేపు తీసుకెళ్లి గదులు కొలవండి. 1,250 చదరపు అడుగులంటే అందులో మెట్లు, వరండా, లిఫ్టు వాటా కలిసే ఉంటాయి. అద్దెదారు చూసేది మంచం, బీరువా పట్టే గదిని.

చెప్పే అద్దె, చేతికొచ్చే అద్దె

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు నేను ఊహించినవి. మీ ఫ్లాటు అంకెలు మీరు పెట్టుకోండి.

చందానగర్ వైపు 1,250 చదరపు అడుగుల పాత ఫ్లాటు, ధర 70 లక్షలు, అద్దె నెలకు 22 వేలు అనుకుందాం. మధ్యవర్తి ఫోనులోనే లెక్క చేసి చూపిస్తారు: ఏడాదికి 2,64,000, అంటే 70 లక్షల మీద 3.8 శాతం రాబడి. ఈ లెక్కలో రెండు వైపులా తప్పు ఉంది. పెట్టుబడి 70 లక్షలు కాదు, రాబడి 2,64,000 కాదు.

ముందు పెట్టుబడి. తెలంగాణలో నగర పరిధిలో స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం, మొత్తం 7.5 శాతం. 70 లక్షల మీద అది 5,25,000. మధ్యవర్తికి ఒక శాతం, 70 వేలు. రంగులు, చెడిపోయిన కుళాయిలు, వంటగది అరలు, గీజర్లు, దోమతెరల వంటివాటికి రెండున్నర లక్షలు. న్యాయవాది, బ్యాంకు రుసుములు, మ్యుటేషన్‌కు (రికార్డుల్లో మీ పేరుకు మార్చడానికి) కలిపి 35 వేలు. మొత్తం కూడితే 78 లక్షల 80 వేలు. మీరు నిజంగా పెట్టేది ఇది. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు అయితే వీటికి తోడు 5 శాతం జీఎస్టీ ఉంటుంది. హైదరాబాద్‌లో 45 లక్షలు, 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే జాగా) దాటని ఇళ్లకు అది ఒక శాతమే. భవనం పూర్తయిందని, కాపురం ఉండవచ్చని అధికారులు ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు.

ఇప్పుడు రాబడి. రెండేళ్లకోసారి అద్దెదారు మారి, మధ్యలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుంటే ఏడాదికి 11 వేలు పోతాయి. కొత్తవారిని తెచ్చినందుకు మధ్యవర్తికి పదిహేను రోజుల అద్దె, ఏడాది సగటున 5,500. ఆస్తి పన్ను 5 వేలు. ఇంట్లో మరమ్మతులకు 15 వేలు. లిఫ్టు, మోటారు, భవనానికి బయటి రంగులు అంటూ యజమానుల దగ్గర చేసే వసూళ్లకు సగటున 12 వేలు. ఖాళీ నెలల్లో మెయింటెనెన్స్ మీరే కట్టాలి, 1,500. బీమా 2 వేలు. మొత్తం 52 వేలు. మిగిలేది 2,12,000.

2,12,000ను 78,80,000తో భాగించండి. 2.7 శాతం. మధ్యవర్తి చెప్పిన 3.8కీ దీనికీ ఉన్న తేడా చిన్నది కాదు, దాదాపు మూడో వంతు రాబడి కాగితం మీదే ఆవిరైపోయింది.

ఇదే లెక్క ఇంకో ఇంటికి వేసి చూడండి. ఉప్పల్ వైపు పదేళ్లనాటి 950 చదరపు అడుగుల ఫ్లాటు, 46 లక్షలు, అద్దె 17 వేలు అనుకుందాం. అన్ని ఖర్చులూ కలిపి పెట్టుబడి 52 లక్షల పైచిలుకు అవుతుంది, ఏటా చేతికి 1,65,000 వస్తుంది. అంటే 3.2 శాతం. చూడటానికి ముచ్చటగా లేని ఇల్లు, రాబడిలో ముందుంది. ధర రెట్టింపయితే అద్దె రెట్టింపు కాదు. ఇల్లు విలాసంగా మారేకొద్దీ అద్దె వెనకబడుతుంది. ఈత కొలను, క్లబ్బు ఉన్న చోట మీరు ఉండటానికి కొనుక్కోండి, సంతోషమే. అద్దె కోసం అయితే సాదాసీదా ఇళ్లనే ముందు చూడండి.

ఈఎంఐని పక్కన పెట్టి చూడండి

"అద్దెతో ఈఎంఐ కట్టేయవచ్చు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చందానగర్ ఉదాహరణలోనే చూద్దాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణాలకు ఇంటి విలువలో 80 శాతం మించి అప్పు ఇవ్వకూడదు. 75 లక్షలు దాటిన అప్పుకైతే 75 శాతమే పరిమితి. రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపరు. అంటే 70 లక్షల ఇంటికి 56 లక్షలు వస్తుంది. మీ చేతి నుంచి పెట్టవలసింది 14 లక్షలు అని మధ్యవర్తి చెబుతారు. కానీ పైన వేసిన 8,80,000 ఖర్చులు కూడా మీవే. కాబట్టి 22,80,000 సొంత డబ్బు సిద్ధంగా ఉండాలి.

56 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల ఈఎంఐ దాదాపు 48,600. చేతికి వచ్చే అద్దె నెలకు 17,700. తేడా 30,900, అది ప్రతి నెలా మీ జీతంలోంచి పోవాలి. అద్దె పెరుగుతుంది కదా అంటారా? చేతికొచ్చే మొత్తం ఏటా 5 శాతం చొప్పున తప్పకుండా పెరుగుతూ పోయినా, అది 48,600ను అందుకోవడానికి 20 ఏళ్లు దాటుతుంది. అప్పటికి అప్పే తీరిపోతుంది.

అందుకని అప్పు చేయవద్దని చెప్పడం లేదు. ఆ 30,900 ఇరవై ఏళ్ల పాటు, ఉద్యోగం మారినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా, పిల్లల చదువు ఖర్చు వచ్చినా కట్టగలరా అని ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. కనీసం ఆరు నెలల ఈఎంఐ విడిగా బ్యాంకులో ఉంచాకే ముందుకు వెళ్లండి. వడ్డీ రేటు ఒక శాతం పెరిగితే ఎంతవుతుందో కూడా అప్పుడే చూసుకోండి. గృహరుణాలు ఎక్కువగా మారే వడ్డీవే.

లెక్కను వెనక్కి తిప్పండి

చాలామంది ఈ అడుగు వేయరు. బేరానికి కూర్చున్నప్పుడు చేతిలో ఉండవలసింది ఇదే.

మీకు కనీసం ఎంత రాబడి కావాలో ముందే నిర్ణయించుకోండి. ఖర్చులు పోను 3.5 శాతం కావాలనుకుందాం. చేతికొచ్చే 2,12,000ను 3.5 శాతంతో భాగిస్తే 60,57,000. అంటే అన్ని ఖర్చులతో కలిపి మీరు అంత వరకే పెట్టవచ్చు. అందులోంచి మరమ్మతులు, న్యాయవాది వగైరా 2,85,000 తీసేయండి. మిగిలినదాన్ని 1.085తో భాగించండి, ఎందుకంటే ధర మీద రిజిస్ట్రేషన్, మధ్యవర్తి రుసుము కలిపి ఎనిమిదిన్నర శాతం. 53 లక్షల 20 వేలు వస్తుంది. మీరు ఇవ్వదగిన ధర అది. అమ్మేవారు అడుగుతున్నది 70.

ఆయన 53కు ఇవ్వరు. ఇచ్చే అవకాశం లేదు. అయినా ఈ అంకె మీ దగ్గర ఉండాలి. 70 నుంచి 67కు తగ్గించినప్పుడు "మూడు లక్షలు మిగిలాయి" అని మనసు పొంగకుండా అది ఆపుతుంది. ఆ పైన ఇచ్చే ప్రతి లక్షా అద్దె కోసం కాదు, ధర పెరుగుతుందన్న నమ్మకం కోసం ఇస్తున్నారని స్పష్టంగా తెలుస్తుంది.

ధర పెరగడం గురించి

ఆ నమ్మకం తప్పని అనను. పడమటి హైదరాబాద్‌లో ఇళ్ల ధరలు ఎలా పెరిగాయో అందరం చూశాం. కానీ దాన్ని కూడా లెక్కలోకి దించాలి. బ్యాంకు డిపాజిట్ మీద 6 శాతం వడ్డీ వస్తోందనుకుంటే, 2.7 శాతం అద్దె వచ్చే ఇల్లు దానికి సమానం కావాలంటే, రిజిస్ట్రేషన్ వంటి తిరిగిరాని ఖర్చులనూ రాబట్టుకోవాలి కాబట్టి, ధర ఏటా 4 శాతానికి పైగా, ఏళ్ల తరబడి పెరగాలి. అప్పటికి సమానమే, లాభం కాదు.

పెరిగేది భూమి. భవనం పాతబడుతుంది. కాబట్టి దస్తావేజులో మీ పేరున రాసే భూమి వాటా ఎన్ని గజాలో చూడండి. అవిభాజ్య వాటా, మన వాడుకలో యూడీఎస్. ఒకే ధర చెబుతున్న రెండు ఫ్లాట్లలో ఒకదానికి 48 గజాలు, మరొకదానికి 27 గజాలు ఉండవచ్చు. ఆ వీధిలో ఖాళీ స్థలం గజం ఎంత పలుకుతోందో కనుక్కుని హెచ్చవేయండి. గజం 80 వేలు అయితే 48 గజాల విలువ 38 లక్షల పైమాటే. 70 లక్షల్లో ఎంత భాగం నేల, ఎంత భాగం ఇటుక, సిమెంటు అనేది అప్పుడు కళ్లకు కడుతుంది. పాతికేళ్ల తర్వాత భవనాన్ని కూల్చి కట్టే మాట వచ్చినప్పుడు యజమానుల వాటాలు ఈ గజాల మీదే తేలతాయి.

కాగితాలు

లెక్క నచ్చినా కాగితం బాగోకపోతే కొనకండి. నచ్చిన ఇల్లు కదా అని ఇక్కడ రాజీపడినవారు పడే బాధ చూశాను.

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి, 1983 నుంచి తీయండి. లింకు డాక్యుమెంట్ల (పాత యజమానుల దస్తావేజుల) వరుసలో ఎక్కడా తెగకుండా పేరు నుంచి పేరుకు హక్కు మారిందా చూడండి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. కోర్టు వివాదం, రిజిస్టరు కాని ఒప్పందం అందులో ఉండకపోవచ్చు. అందుకే ఒరిజినల్ దస్తావేజులు చూపించమనండి. ఒరిజినల్ బ్యాంకులో ఉందంటే అప్పు ఉన్నట్టే. ఎంత బకాయి ఉందో బ్యాంకు నుంచి లేఖ తెప్పించమనండి. భూమి రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో, అంటే 22-ఎ కింద లేదని సర్వే నంబరుతో సరిచూసుకోండి. అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూములు ఆ జాబితాలోనే ఉంటాయి.

చెరువు దగ్గర అయితే ఇంకా జాగ్రత్త. పూర్తిస్థాయి నీటిమట్టం హద్దు, దాని చుట్టూ కట్టడాలు కట్టకూడని బఫర్ జోన్ రెండూ చూడాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్ల బఫర్ ఉంటుంది. 2024 జులైలో, చెరువుల ఆక్రమణలను కూల్చే హైడ్రా సంస్థ ఏర్పడిన తర్వాత ఈ హద్దుల విలువేమిటో నగరమంతా చూసింది. హెచ్‌ఎండీఏ చెరువుల పటాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, మధ్యవర్తి మాట మీద కాకుండా వాటిని తెరిచి చూడండి.

అనుమతి పొందిన ప్లాను, కట్టిన భవనం ఒకటేనా చూసుకోండి. అంతస్తులు లెక్కపెట్టండి. ప్లానులో ఐదుంటే బయట ఆరు కనబడితే ఆ ఆరో అంతస్తులో ఇల్లు ఎంత చవకగా వచ్చినా వద్దు. ఇంటి నంబరు, కరెంటు మీటరు, ఆస్తి పన్ను రశీదు ఉన్నంత మాత్రాన కట్టడం సక్రమమైనదని కాదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అనుమతి ఇచ్చేటప్పుడు బిల్డరు నిబంధనలు పాటిస్తాడనే హామీగా నిర్మాణంలో 10 శాతం భాగాన్ని అధికారులు తనఖా పెట్టించుకుంటారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో దాన్ని విడుదల చేస్తారు. మీరు కొంటున్న ఫ్లాటు ఆ తనఖా ఫ్లాట్లలో ఒకటేమో తప్పకుండా తెలుసుకోండి.

ఇవన్నీ మీరు చూశాక కూడా, మీరు ఎంచుకున్న న్యాయవాదికి చూపించండి. మధ్యవర్తి పరిచయం చేసినవారికి కాదు.

ప్రీలాంచ్, హామీ అద్దె

ప్రీలాంచ్ పేరుతో, అంటే రెరా రిజిస్ట్రేషన్ రాకముందే, సగం ధరకు ఇస్తామంటే తీసుకోకండి. రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల స్థలం గానీ ఎనిమిది ఇళ్లు గానీ దాటే ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వడమే నేరం, అమ్మకం సంగతి చెప్పనక్కర్లేదు. రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొనుగోలుదారుల దగ్గర వసూలు చేసిన దానిలో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి. రెరా నంబరు వేసుకుని వెబ్‌సైట్‌లో చూస్తే ప్లాను, గడువు, నిర్మాణం ఎంతవరకు వచ్చిందో కనబడతాయి. "కట్టేవరకు నెలనెలా అద్దె మేమే ఇస్తాం" అన్న పథకం అయితే, ఆ అద్దె ఎవరి డబ్బులోంచి వస్తుందో ఒక్కసారి ఆలోచించండి. మీరు ఎక్కువగా కట్టిన ధరే మీకు తిరిగి నెలవారీగా వస్తుంది, వచ్చినంత కాలం.

పన్ను, ప్రవాసులు

అద్దె ఆదాయంలోంచి మీరు కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదానిలో 30 శాతం ఏ రశీదులూ లేకుండానే మినహాయించుకోవచ్చు. అద్దెకిచ్చిన ఇంటి రుణ వడ్డీ కూడా అద్దెలోంచి తీసేయవచ్చు. కానీ వడ్డీ అద్దెకు మించి నష్టం తేలితే, కొత్త పన్ను విధానంలో ఆ నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేసుకోలేరు. పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు వీలుంది. "పన్ను ఆదా" అని చెప్పి అమ్మేవారి లెక్క ఏ విధానానిదో అడగండి.

ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవారే 1 శాతం టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోసి కట్టాలి. అమ్మేవారు ప్రవాస భారతీయులైతే ఈ 1 శాతం వర్తించదు, మూలధన లాభాల రేటు ప్రకారం చాలా ఎక్కువ కోయాలి. మరిచిపోతే ఆ భారం మీ మీద పడుతుంది. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చేవారికి, అద్దెదారు ప్రతి నెలా టీడీఎస్ కోసి కట్టాలని తెలిసి ఉండాలి. ఈ సంగతి ముందే చెప్పకపోతే మంచి అద్దెదారు తర్వాత ఇబ్బంది పడతాడు. చూసుకోవడానికి ఇక్కడ బంధువులున్నారన్న ధైర్యంతో కొంటారు, కానీ కుళాయి పాడైన ప్రతిసారీ బాబాయి వెళ్లలేరు. ఆ పని డబ్బిచ్చి చేయించుకోండి, ఆ ఖర్చూ లెక్కలో రాయండి.

కొంత నగదు ఇవ్వమని అడిగితే ఒప్పుకోకండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదు పుచ్చుకోవడం చట్టం ఒప్పుకోదు. పుచ్చుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. దస్తావేజులో ధర తక్కువ రాయించుకుంటే రేపు మీరు అమ్మేటప్పుడు లేని లాభానికి పన్ను కట్టాలి.

బయానా రోజు

ఇంట్లో ఇప్పటికే ఎవరైనా అద్దెకుంటే వాళ్లతో పది నిమిషాలు మాట్లాడండి. ఎంత కడుతున్నారు, అడ్వాన్సు ఎంత ఇచ్చారు, ఎప్పుడు దిగారు, ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, ఏమేమి పాడయ్యాయి. అమ్మేవారు చెప్పిన అద్దెకు బ్యాంకు ఖాతా వివరాలు చూపించమనండి. అద్దెదారు అడ్వాన్సు మీకు బదిలీ కావాలి, లేకపోతే ఖాళీ చేసే రోజున మీ జేబులోంచి ఇవ్వాలి.

ముందు రోజు రాత్రి, మీరు వేసిన లెక్క ప్రకారం ఇవ్వగల గరిష్ఠ ధరను కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. ఎదురుగా కూర్చున్నప్పుడు "ఇంకొకరు చెక్కు పట్టుకుని కింద నిలబడ్డారు" అంటారు. ఆ కాగితం దాటి వెళ్లకండి.

బయానా చెక్కుగా ఇవ్వండి, రశీదు తీసుకోండి. అందులో మూడు వాక్యాలు ఉండాలి: హక్కు పత్రాల్లో లోపం తేలితే బయానా మొత్తం తిరిగి ఇస్తారు, ఆస్తి పత్రాల కారణంగా బ్యాంకు రుణం నిరాకరిస్తే కూడా తిరిగి ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు. ఈ మూడూ రాయడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే చెక్కు మడిచి జేబులో పెట్టుకుని, ఇచ్చిన కాఫీ తాగి, వచ్చేయండి.